సంతకం ఒకరిది, సాగు ఒకరిది

(2025 జూన్‌లో హనుమాన్ జంక్షన్‌లో జరిగిన రైతు సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నారుమళ్ళ పని నెత్తి మీద పెట్టుకుని కూడా ఇంతమంది వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. కానీ సార్వా మొదలైతే మళ్ళీ ఈ మాట మాట్లాడుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఊడ్పులయ్యాక ఎరువుల కోసం, కోతలయ్యాక గోనె సంచుల కోసం తిరగడంతోనే సరిపోతుంది. అందుకే ఇప్పుడే పిలిచాం.

మనం కూర్చున్న జంక్షన్ సంగతి చూడండి. నూజివీడు రోడ్డు పట్టుకుంటే మెట్ట: మామిడి, ఆయిల్ పామ్, మొక్కజొన్న. గుడివాడ రోడ్డు పట్టుకుంటే డెల్టా: వరి, మినుము, చేపల చెరువులు. రెండు వైపుల రైతుల కష్టాలూ ఒకటి కావు. కానీ రెండు వైపులా ఒక ప్రశ్న మాత్రం ఒకటే: ఈ చేను ఎవరు చేస్తున్నారు? ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. పశువుల కాపరి కూడా చెబుతాడు. చట్టానికి మాత్రం తెలియదు.

వ్యవసాయానికి సంబంధించి మన రాష్ట్రంలో చట్టాలు తక్కువేం లేవు. మార్కెట్ యార్డుల చట్టం 1966 నాటిది. ఆయిల్ పామ్ చట్టం 1993లో వచ్చింది. నీటి సంఘాల చట్టం 1997ది. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో చేశారు. వీటిలో ప్రతి ఒక్కదాన్నీ మార్చాల్సిన అవసరం ఉంది, ఒక్కోదాని మీద ఒక్కో సమావేశం పెట్టినా చాలదు. కానీ ఈ చట్టాలన్నీ రైతుకి ఏదో ఒకటి ఇస్తామంటాయి. ఆ రైతు ఎవరో తేల్చే చట్టం సరిగా లేకపోతే మిగతావన్నీ ఎవరికి అందుతాయి? అందుకని ఇవాళ 2019 చట్టం ఒక్కటే మాట్లాడతాం.

ముందు ఒక రైతు సంగతి చెబుతాం. పేరు, ఊరు చెప్పం, చెబితే వచ్చే ఏడు ఆయనకి చేను ఉండదు. జంక్షన్‌కి కిందివైపు ఊరు. నాలుగెకరాలు మక్తాకి చేస్తున్నాడు, తొమ్మిదేళ్ళ నుంచీ అదే చేను. యజమాని కుటుంబం హైదరాబాదులో ఉంటుంది. చెడ్డవాళ్ళేం కాదు. పెళ్ళికి పిలుస్తారు, ఆ రైతు భార్యకి జబ్బు చేస్తే ఆస్పత్రిలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి పెట్టారు. కానీ సాగుదారు కార్డుకి సంతకం పెట్టమని అడిగితే, "అదొక్కటీ అడక్కు" అన్నారు. ఆయన మళ్ళీ అడగలేదు. ఈ-పంటలో యజమాని పేరే ఎక్కింది. ధాన్యం అమ్మితే డబ్బు యజమాని ఖాతాలో పడింది. వాళ్ళు మక్తా లెక్క చూసుకుని మిగతాది పంపారు, నిజాయితీగానే పంపారు, కానీ నెలన్నర తరవాత. ఈలోగా ఎరువుల కొట్టు వాడికి వడ్డీ నడిచింది. తను పండించిన ధాన్యం డబ్బు తన చేతికి రావడానికి ఇంకొకరి దయ కావలసొచ్చింది. ఆయన మాతో అన్న మాట ఒకటే: "వాళ్ళు మంచోళ్ళు గనక సరిపోయింది."

చట్టం ఉండేది మంచివాళ్ళు కాని యజమానుల దగ్గర చేసే కౌలుదారుల కోసం కదా.

ఇంతకీ 2019 చట్టం ఏమంటుంది? యజమాని, సాగుదారు ఇద్దరూ పదకొండు నెలల ఒప్పందం రాసుకోవాలి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. దాని మీద గ్రామ రెవెన్యూ అధికారి సంతకం చేస్తే పంట సాగుదారు హక్కు పత్రం వస్తుంది. మనం వాడుకలో సీసీఆర్సీ కార్డు అంటాం. ఆ కార్డుతో పంట రుణం, బీమా, నష్టపరిహారం, ధాన్యం అమ్మకం అన్నీ అడగొచ్చు. భూమి మీద మాత్రం ఏ హక్కూ రాదు. అది చట్టంలోనే స్పష్టంగా రాసుంది, పంట మీద తప్ప నేల మీద హక్కు లేదని. చదవడానికి బాగానే ఉంది. ఒక్క సంతకం దగ్గర మొత్తం ఆగిపోతోంది.

అంతకు ముందు ఎలా ఉండేదో కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. ఎల్ఈసీ కార్డులని ఇచ్చేవారు, మీలో చాలామంది ఇళ్ళల్లో ఆ పాత కార్డులు ఇంకా ఉండి ఉంటాయి. దానికి యజమాని సంతకం అక్కర్లేదు. దరఖాస్తు పెట్టుకుంటే ఊళ్ళో విచారణ చేసి, తహశీల్దారు ఇచ్చేవాడు. 2019లో దాన్ని రద్దు చేశారు. దానితోపాటు 1956 నాటి కౌలుదారీ చట్టాన్ని కూడా. 1956 చట్టంలో, దానికి 1974లో చేసిన సవరణల్లో, మక్తాకి పై పరిమితి ఉండేది, కౌలుకి కనీసం ఆరేళ్ళ గడువు ఉండేది, యజమాని భూమి అమ్మదలుచుకుంటే కౌలుదారుని ముందు అడగాలని ఉండేది. అమలు ఎంత జరిగిందో అది వేరే సంగతి. నోటి మాట కౌళ్ళకి ఏ చట్టమూ అందలేదు. కానీ కాగితం మీదైనా ఉన్న రక్షణలు పోయాయి. వాటికి బదులు మన చేతికి వచ్చింది ఒక దరఖాస్తు, దాని మీద ఖాళీగా ఉన్న ఒక సంతకం గడి.

యజమానులు సంతకం ఎందుకు పెట్టరు? వాళ్ళని తిట్టుకుని లాభం లేదు. ఈ సమావేశంలో కూర్చున్నవాళ్ళలోనే యజమానులున్నారు. ఉద్యోగానికి వెళ్ళి చేను ఊళ్ళోవాళ్ళకి ఇచ్చినవాళ్ళున్నారు, భర్త పోయి రెండెకరాలు కౌలుకిచ్చుకుని బతుకుతున్న అక్కలున్నారు, వయసు మీద పడి చెయ్యలేక ఇచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ భయం ఒట్టిది కాదు. ఆ 1956 చట్టం రోజుల్లో "కౌలుదారు పేరు కాగితమ్మీద ఎక్కితే భూమి పోతుంది" అన్న మాట ఇంటింటికీ వెళ్ళింది. చట్టం పోయింది, భయం మిగిలింది. రెండేళ్ళకోసారి కౌలుదారుని మార్చేది కూడా అందుకే.

రెండో కారణం చెప్పుకోడానికి ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా చెబుతాం. సంతకం పెడితే డబ్బు అటు పోతుంది. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 భూమి ఉన్నవాళ్ళకే ఇస్తారు, కౌలుదారుకి అందులో చోటే లేదు. పంట రుణం పాసు పుస్తకం మీద యజమాని ముందే తీసుకుని ఉంటాడు, అదీ తక్కువ వడ్డీకి. మునిగినప్పుడు పరిహారం ఆ పేరునే వస్తుంది. ఇన్ని వస్తున్నప్పుడు ఎవరు సంతకం పెడతారండీ? పెట్టినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ నష్టపోయేవాడి సంతకం తెచ్చుకుంటేనే హక్కు ఇస్తానని చట్టం అంటే, ఆ చట్టం రాసినవాళ్ళు మన ఊళ్ళు చూడలేదనుకోవాలి.

ఇది ఏదో నలుగురి సమస్య అనుకోకండి. కేంద్ర ప్రభుత్వ గణాంక సంస్థ 2018-19 వ్యవసాయ సంవత్సరం మీద దేశమంతా రైతు కుటుంబాల సర్వే చేసింది. సాగు కమతాల్లో కౌలువి దేశం మొత్తం మీద నూటికి 17 ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 42. అన్ని రాష్ట్రాల కన్నా మనదే ఎక్కువ. డెల్టా ఊళ్ళల్లో ఎంత ఉంటుందో మీ ఊరి గట్ల మీద నిలబడి మీరే లెక్క పెట్టుకోండి.

కార్డు లేకపోవడం ఖరీదు ఎంతో ఒక్క లెక్క వేద్దాం. ఇది ఎవరి లెక్కా కాదు, ఉదాహరణకి వేస్తున్నాం. నాలుగెకరాలకి దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను కలిపి లక్షా అరవై వేలు అప్పు చేశారనుకోండి. రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలకి 19,200 అవుతుంది. అదే బ్యాంకులో పంట రుణమైతే, గడువులో కడితే నూటికి ఏడాదికి 4 రూపాయలు. ఆరు నెలలకి 3,200. తేడా 16,000. మొన్న కేంద్రం 2025-26కి సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకి 2,369 ప్రకటించింది. 75 కిలోల బస్తాకి 1,777 పడుతుంది. అంటే ఆ సంతకం లేనందుకు, మక్తా బస్తాలు కాక, మరో తొమ్మిది బస్తాలు వడ్డీ రూపంలో కొలుస్తున్నాడన్నమాట. అదీ మద్దతు ధర పూర్తిగా దక్కితే. అప్పిచ్చిన కమీషన్‌దారుకే ధాన్యం వేయాల్సొస్తే ఆ ధర దక్కదని మీకు మేం చెప్పాలా? మూడు రూపాయల వడ్డీ అయితే లెక్క ఇంకెక్కడికో పోతుంది.

రుణం పూచీ సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ఏడాది జనవరి నుంచి రెండు లక్షల వరకు వ్యవసాయ రుణాలకి తాకట్టు అడక్కూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఇంతకు ముందు లక్షా అరవై వేలు ఉండేది. మంచిదే. కానీ మన కౌలుదారు బ్యాంకుకి వెళితే తాకట్టు దాకా మాటే రాదు. "ఆ సర్వే నంబరు మీద లోను ఉంది కదా" అంటారు. అక్కడితో సరి.

ఇంకో చోట కూడా ఈ సంతకం అడ్డం పడుతుంది. పోయినేడు ఆగస్టు చివర బుడమేరు పొంగి మన జిల్లాలో చేలు ఎలా మునిగాయో గుర్తుంది కదా. వరికి హెక్టారుకి 25,000 ఇస్తామన్నారు, ఎకరాకి 10,000. నీళ్ళు తీశాక చేలో దిగి కుళ్ళిన దుబ్బులు చూసుకున్నదెవరు? ఓ ఊళ్ళో మేం జాబితా చూడ్డానికి వెళ్ళాం. గోడకి అంటించారు. ఒకాయన వేలు పెట్టి పై నుంచి కింద దాకా చూసి, తన చేను సర్వే నంబరు దగ్గర ఆగాడు. పక్కన పేరు ఆయనది కాదు. ఏమీ అనలేదు, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి ఇచ్చే సాయం 2019లో 5 లక్షల నుంచి 7 లక్షలకి పెంచారు. అందులోనూ చనిపోయినవాడు కౌలుదారని రుజువు చెయ్యాల్సింది అతని భార్యే. కౌలు మాట మగవాళ్ళ మధ్య గట్టు మీద జరిగి ఉంటుంది. కాగితం ఉండదు. ఊడ్పులు, కలుపులు ఆమే చేసి ఉంటుంది, కానీ ఆ చేను మీద ఆమె పేరూ లేదు, ఆయన పేరూ లేదు. దీని గురించి ఇంతకన్నా ఇప్పుడు మాట్లాడలేం.

మరి ఏం చెయ్యాలి? కొత్త చట్టం తెస్తామన్న మాట ఈ మధ్య వినిపిస్తోంది. తెస్తే దాంట్లో ఏముండాలో మన సంఘం అభిప్రాయం చెబుతాం.

ప్రభుత్వానికి నిజం తెలియదని అనుకోడానికి లేదు. ఈ-పంట నమోదుకి వ్యవసాయ సహాయకుడు చేలోకి వస్తాడు. ఫొటో తీస్తాడు. సర్వే నంబరు, పంట, రకం ఎక్కిస్తాడు. రెవెన్యూ వాళ్ళు సరిచూస్తారు. చివర్న రైతు వేలిముద్ర తీసుకుంటారు. ఇంతమంది ఉద్యోగులు చేనుకి వచ్చి చూశాక, అక్కడ ఎవరు సాగు చేస్తున్నారో తెలుసుకోడానికి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళ సంతకం ఎందుకు? చేలో చూసింది చూసినట్టు రాస్తే అదే రుజువు. ఆ నమోదునే సాగుదారు కార్డుగా చట్టం గుర్తించాలి. ఇదీ మా ప్రధానమైన మాట.

యజమానికి చెప్పకుండా చెయ్యమని అనడం లేదు. నమోదు జరగ్గానే యజమానికి నోటీసు వెళ్ళాలి. ఫోనుకి మెసేజ్ పంపినా సరే. అభ్యంతరం ఉంటే ఇన్ని రోజుల్లో చెప్పమని గడువు పెట్టాలి. చెబితే గ్రామసభలో విచారించాలి. చెప్పకపోతే కార్డు ఇచ్చెయ్యాలి. ఇప్పుడు సంతకం తెచ్చే భారం కౌలుదారు మీద ఉంది. అప్పుడు కాదని చెప్పే భారం యజమాని మీద ఉంటుంది. పశ్చిమ బెంగాల్లో 1978లో బర్గాదార్ల నమోదు మొదలుపెట్టినప్పుడు చేసింది ఇలాంటిదే. ఏడాది ముందే చట్టం సవరించి, తను సాగు చేస్తున్నానని చెప్పేవాడిని కాదనే రుజువు చూపించాల్సింది యజమానేనన్నారు. అధికారులు సాయంత్రం పూట, పనులయ్యాక, ఊళ్ళోకి వెళ్ళి అందరి మధ్యా అడిగారు. ఒక్కడిని యజమాని ఇంటి అరుగు మీద నిలబెట్టి అడిగితే వాడు నోరు విప్పడని వాళ్ళకి తెలిసింది. పది లక్షలకి పైగా పేర్లు ఎక్కాయి. అక్కడి చట్టం వారసత్వ సాగు హక్కు కూడా ఇచ్చింది, మనం అడుగుతున్నది అంత దూరం పోవడం లేదు. పద్ధతి మాత్రం నేర్చుకోదగ్గది.

భూమి మీద హక్కు రాదన్న వాక్యం కొత్త చట్టంలోనూ ఉండాలి. కౌలుదారుల్లో కొందరికి ఈ మాట నచ్చదని మాకు తెలుసు. పాత రక్షణలు ఎందుకు అడగరని మమ్మల్ని నిలదీసినవాళ్ళున్నారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. కానీ ఈ రోజు నాలుగెకరాలు మక్తాకి చేసేవాడికి ముందు కావలసింది పంట మీద పేరు. అది రావాలంటే యజమాని భయం తగ్గాలి. మక్తా పరిమితి గురించి కొట్లాట ఆపమని ఎవరికీ చెప్పం, చేపల చెరువుల కౌళ్ళు చూసి వరి చేల మక్తా కూడా ఎగబాకుతున్న చోట్ల అది తప్పదు కూడా. కానీ రెండూ ఒకే కాగితంలో పెడితే రెండూ ఆగుతాయని మా అనుభవం.

సంతకం తీసేస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా చెప్పం. 2011 చట్టంలో సంతకం లేదు కదా, అయినా కార్డు పట్టుకుని బ్యాంకుకి వెళ్ళినవాళ్ళలో ఎంతమంది ఉత్త చేతుల్తో తిరిగొచ్చారో మీకే తెలుసు. కారణం ఆ పాత సర్వే నంబరే. ఒకే చేను మీద ఇద్దరికి లోను ఇవ్వం అంటారు. దానికి మందు చట్టంలోనే ఉండాలి. పంట రుణం పంట వేసేవాడికే అని రాయాలి. యజమానికి భూమి మీద అప్పు కావాలంటే దానికి వేరే రుణాలున్నాయి, అవి తీసుకోమనండి. పంట రుణానికి పూచీ పంట. ఆ పంట ఎవరిదో ఈ-పంటలో ఉంది.

చట్టం గట్టిగా రాస్తే పని జరుగుతుందా అని కొందరు అడుగుతారు. మెట్ట వైపు ఆయిల్ పామ్ వేసిన మనవాళ్ళని అడగండి. ఆ 1993 చట్టంతో మనకి గొడవలున్నాయి, నూనె శాతం లెక్క దగ్గర ఇంకా పోట్లాడుతూనే ఉన్నాం. కానీ ఫ్యాక్టరీకి జోన్ ఇచ్చారు, ఆ జోన్‌లో కోసిన గెలలు కొనాల్సిందేనని రాశారు, ధర ప్రభుత్వం నిర్ణయిస్తుందని రాశారు. ఎవరు చెయ్యాలో వాళ్ళ పేరు పెట్టి బాధ్యత రాశారు కాబట్టి, గెల కోసిన రైతు "మీరు కొంటారా బాబూ" అని ఫ్యాక్టరీ గేటు దగ్గర బతిమాలడం లేదు. కౌలుదారుకి అలాంటి ఒక్క వాక్యం ఇప్పటిదాకా ఏ చట్టంలోనూ పడలేదు.

ఇదేం కొత్త కోరిక కాదు. ఈ చుట్టుపక్కల ఊళ్ళు చాలా నూజివీడు జమీందార్ల కింద ఉండేవి. మన తాతలు శిస్తు కట్టి కూడా భూమి తమది అని చెప్పుకోలేని రోజులవి. టంగుటూరి ప్రకాశం గారు అధ్యక్షుడుగా 1937-38లో వేసిన కమిటీ జిల్లాలు తిరిగి రైతుల మాట విని, నేల మీద హక్కు దున్నే రైతుదని నివేదిక ఇచ్చింది. పదేళ్ళ తరవాత, 1948లో, జమీందారీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం వల్ల పట్టాలు దక్కినవాళ్ళ మనవళ్ళమే ఇవాళ మనలో చాలామందిమి యజమానులం. అప్పుడు జమీందారు సంతకం పెడితేనే రైతుకి పట్టా అని రాసుంటే మనకి ఎన్ని పట్టాలు వచ్చేవో ఆలోచించుకోండి.

చివరగా, మన ఇంటి సంగతి. ఈ మాటలన్నీ ప్రభుత్వానికి చెప్పే ముందు మనం మనకి చెప్పుకోవాలి. సంఘంలో సభ్యులుగా ఉండి, చేను కౌలుకిచ్చి, కార్డుకి సంతకం పెట్టనివాళ్ళు మనలో ఉన్నారు. కార్యవర్గంలో కూడా ఉన్నారు. ఈ మాట మేం రాసుకొచ్చేటప్పుడు తీసేద్దామని ఒకరన్నారు, ఉంచాలని మిగతావాళ్ళు పట్టుబట్టారు. కొత్త చట్టం వచ్చేదాకా ఉన్న చట్టంలో మన చేతిలో ఉన్నది ఆ సంతకమే. పదకొండు నెలల కాగితం అది, భూమి ఎక్కడికీ పోదు. చట్టంలో ఆ వాక్యం ఎక్కడుందో చూపించడానికి చట్టం తెలుగు ప్రతి తెచ్చాం, కావలసినవాళ్ళు చదువుకోండి, అనుమానాలుంటే అడగండి.

దరఖాస్తు ఫారాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. కార్యవర్గంలో కౌలుకిచ్చిన ముగ్గురు పొద్దున్నే, మీరు రాక ముందే, సంతకాలు పెట్టారు. మిగిలినవాళ్ళు భోజనాలకి లేచే ముందు ఒకసారి ఆ బల్ల దగ్గరికి వెళ్ళండి. మీ చేను చేసేవాళ్ళు ఇక్కడే ఉంటే వాళ్ళని కూడా పిలుచుకెళ్ళండి. పాసు పుస్తకం నకలు, ఆధార్ నకలు ఉంటే చాలు. లేనివాళ్ళకి ఎదురుగా జిరాక్సు కొట్టు తెరిచే ఉంది.